పుట్టింటి కోట కోసం 38 ఏళ్లు

సంతకం పెట్టమని భర్త బతిమాలాడు, తర్వాత బెదిరించాడు. మతాధిపతి నచ్చచెప్పాడు. చివరికి సాక్షాత్తూ దేశాన్నేలే రాజే పిలిచి అడిగాడు. 27 ఏళ్లయినా నిండని ఆ ఇల్లాలు మాత్రం ససేమిరా అంది. ఇంగ్లండులో లేడీ ఆన్ క్లిఫర్డ్ పేరు ఈనాటికీ తలుచుకుంటున్నారంటే ఆ పెట్టని సంతకం వల్లే!

ఇంగ్లండు ఉత్తరభాగంలో, యార్క్‌షైర్‌లో స్కిప్టన్ అనే చిన్న ఊరుంది. సంత జరిగే పెద్దవీధి వెంట నడుచుకుంటూ పోతే ఆ వీధి చివర్లో కోట సింహద్వారం కనిపిస్తుంది. ద్వారం పైన రాతిలో చెక్కిన ఫ్రెంచి మాట ఒకటుంటుంది. ఇకమీదట అని దాని అర్థం. క్లిఫర్డ్ వంశంవాళ్ల నినాదమది. లోపలికి వెళితే గుండ్రటి లావుపాటి బురుజులు, విందుల హాలు, వంటశాల, పడకగదులు, చీకటి కొట్టు... అన్నీ చూడవచ్చు. 900 ఏళ్ల నాటి కోట అయినా ఇప్పటికీ పైకప్పుతో నిలిచి ఉంది. ప్రభుత్వం చేతిలో కాకుండా ఒక కుటుంబం చేతిలోనే ఉంది. రుసుము కట్టి ఎవరైనా చూసి రావచ్చు.

అన్నీ చూసుకుంటూ కోట నడిబొడ్డుకి చేరితే చిన్న ముంగిలి. చుట్టూ రాతిగోడలు, మధ్యలో ఏపుగా పెరిగిన యూ చెట్టు. ఏడాదంతా పచ్చగా ఉండే ఈ చెట్టుని 1659లో నాటించింది లేడీ ఆన్. అంటే దానికి మూడున్నర శతాబ్దాలు దాటిందన్నమాట. అప్పటికి ఆవిడ వయసు 69. ఆ వయసులో, నెమ్మదిగా ఎదిగే చెట్టుని నాటడానికి ఎంత ధీమా కావాలి! తన కోటలోనే తాను ఒక చెట్టు నాటుకునే హక్కు కోసం ఆవిడ పడిన పాట్లు తెలిస్తే ఆ ధీమా ఎక్కడిదో అర్థమవుతుంది.

ముగ్గురిలో మిగిలిన పిల్ల

1590 జనవరి 30న స్కిప్టన్ కోటలోనే ఆన్ పుట్టింది. తండ్రి జార్జి క్లిఫర్డ్, కంబర్లండ్ ఎర్ల్. అంటే మన పెద్ద జమీందారు లాంటివాడు. తల్లి మార్గరెట్. ఆన్‌కి ముందు ఇద్దరు మగపిల్లలు పుట్టారు కానీ ఇద్దరూ ఆరేళ్లు నిండకుండానే పోయారు. మిగిలింది ఈ ఒక్క ఆడపిల్ల.

తండ్రిగారికి ఇల్లు పట్టేది కాదు. ఎలిజబెత్ రాణి కొలువులో మహా సోకుగా ఉండేవాడు. గుర్రపు పోటీలు, సముద్రయానాలు, స్పెయిన్ ఓడల్ని కొల్లగొట్టడం... ఇవే లోకం. వచ్చినదానికంటే పోయిందే ఎక్కువ. అప్పుల మీద అప్పులు. ఇందులో మనకి సంబంధించిన ముచ్చట కూడా ఒకటుంది. 1600లో ఈస్టిండియా కంపెనీకి రాణి ఇచ్చిన అనుమతి పత్రంలో మొట్టమొదటి పేరు ఈయనదే. ఆయన కట్టించుకున్న యుద్ధనౌకనే కంపెనీ కొని, రెడ్ డ్రాగన్ అని పేరు మార్చి, 1601లో తన తొలి ప్రయాణానికి వాడుకుంది. మన దేశాన్ని ఏలిన కంపెనీకి తొలి ఓడ ఈ అమ్మాయి పుట్టింటి నుంచే వెళ్లిందన్నమాట!

పిల్ల పెంపకమంతా తల్లిదే. శామ్యూల్ డేనియల్ అనే పేరున్న కవిని గురువుగా పెట్టి చదువు చెప్పించింది. ఇంగ్లీషు తప్ప వేరే భాషలు నేర్పకూడదని తండ్రి కట్టడి చేశాడు. అయినా అనువాదాల ద్వారానే చరిత్ర, తత్వం, కావ్యాలు అన్నీ చదివేసింది ఆన్. పుస్తకాల పిచ్చి చివరిదాకా పోలేదు.

వీలునామాలో దెబ్బ

1605లో తండ్రి పోయాడు. ఆన్‌కి 15 ఏళ్లు. వీలునామా విప్పి చూస్తే కోటలు, భూములు అన్నీ తమ్ముడు ఫ్రాన్సిస్‌కి రాసి ఉన్నాయి. కూతురికి 15 వేల పౌన్లు. ఆ రోజుల్లో అది చాలా పెద్ద మొత్తమే. ఆడపిల్లకి ఆస్తులెందుకు, కట్నానికి సరిపడా డబ్బిచ్చి పంపితే చాలదా అనే ఆలోచన. మనకి కొత్త మాటేం కాదు కదా!

తల్లి మార్గరెట్ ఊరుకోలేదు. పాత దస్తావేజులన్నీ వెతికించింది. తవ్వగా తవ్వగా అసలు సంగతి బయటపడింది. దాదాపు 300 ఏళ్ల కిందట రెండో ఎడ్వర్డ్ రాజు కాలంలో ఆ ఆస్తిని వంశానికి ఇచ్చినప్పుడు, ఎర్ల్ కడుపున పుట్టిన బిడ్డకే అది చెందాలని రాశారు. ఆ బిడ్డ మగా ఆడా అన్న షరతు లేదు. అంటే తమ్ముడికి రాసే అధికారమే తండ్రికి లేదు. చట్టం ప్రకారం ఆస్తి ఆన్‌దే.

కాగితం చేతిలో ఉంటే సరిపోతుందా? ఆస్తి బాబాయి చేతిలో ఉంది. 1607లో తల్లీకూతుళ్లు ఉత్తరాదికి ప్రయాణమై స్కిప్టన్ కోట గుమ్మం దాకా వచ్చారు. బాబాయి మనుషులు లోపలికి రానివ్వలేదు. పుట్టిన ఇంటి గడప కూడా తొక్కకుండా 17 ఏళ్ల పిల్ల వెనక్కి తిరిగింది. కోర్టుల చుట్టూ తిరగడం మొదలైంది.

అత్తింటి నుంచి ఒత్తిడి

1609లో రిచర్డ్ శాక్‌విల్‌తో ఆన్‌కి పెళ్లయింది. పెళ్లయిన కొద్దిరోజులకే అతను డార్సెట్ ఎర్ల్ అయ్యాడు. కెంట్ ప్రాంతంలో నోల్ అనే రాజప్రాసాదం లాంటి భవనం వాళ్ల కాపురం. మనిషి అందగాడు, చదువుకున్నవాడు, సరదా మనిషి. అయితే జూదం, కోడిపందేలు, బట్టల మోజు... డబ్బు మంచినీళ్లలా ఖర్చు పెట్టేవాడు. కాబట్టి భార్య వ్యాజ్యంలో అతనికి కనిపించింది కోట కాదు, రొక్కం. బాబాయి ఎంతోకొంత ఇస్తానంటున్నాడు, తీసుకుని హక్కు వదిలేస్తున్నట్టు సంతకం పెట్టెయ్యమని భార్య వెంటపడ్డాడు.

1616లో ఒత్తిడి తారస్థాయికి చేరింది. ఫిబ్రవరిలో కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు, ఇంకా పెద్దమనుషులు ఆవిడను కూర్చోబెట్టి నచ్చచెప్పారు. మా అమ్మని అడగందే ఏమీ చెప్పలేనని ఆన్ తప్పించుకుంది. ఆ నెపం మీద తల్లి ఉంటున్న వెస్ట్‌మోర్లండ్‌కి వెళ్లింది. అక్కడ తల్లీకూతుళ్లు కలిసి కూడబలుక్కుని, సంతకం లేదని తేల్చేశారు. ఏప్రిల్ 2న ఆన్ తిరుగు ప్రయాణమైంది. బ్రూమ్ కోట నుంచి కొంతదూరం దాకా తల్లి సాగనంపడానికి వచ్చింది. రోడ్డు పక్కన నిలబడి ఇద్దరూ కన్నీళ్లతో వీడ్కోలు చెప్పుకున్నారు. అదే ఆఖరి చూపు.

సంతకం లేకుండా వచ్చిన భార్యని చూసి భర్త మండిపడ్డాడు. ఆడదాన్ని ఎక్కడ కొడితే నొప్పి పుడుతుందో అతనికి తెలుసు. మే నెలలో, ఇంకా రెండేళ్లు నిండని కూతురు మార్గరెట్‌ని తల్లి దగ్గర్నుంచి తీసేసి లండన్ పంపించమని కబురు పెట్టాడు. ఆన్ కుమిలిపోయింది. మొండికేస్తే పిల్లకే కష్టమని తలచి పంపించింది. కానీ సంతకం మాత్రం పెట్టలేదు! ఆ నెలాఖరుకే తల్లి చనిపోయిందని వార్త. బిడ్డ దగ్గర లేదు, తల్లి లేదు, భర్త పక్షాన లేడు. ఆ రోజుల్ని తన దినచర్యలో ఆవిడ దాచకుండా రాసుకుంది. ఏడ్చిన రోజు ఏడ్చానని రాసింది. మనకి ఇంత వివరంగా ఈ కథ తెలిసిందంటే ఆ రాతల పుణ్యమే.

రాజుగారు పిలిచారు

1617 జనవరిలో జేమ్స్ రాజు వాళ్లని పిలిపించాడు. మీ తగువు నా చేతికి వదిలెయ్యండి, నేను చెప్పినదానికి ఒప్పుకోండి అన్నది ఆయన మాట. భర్త వెంటనే తల ఊపాడు. ఆన్ మాత్రం బతికుండగా వెస్ట్‌మోర్లండ్‌ని వదులుకోనని మోకాళ్ల మీదే ఉండి విన్నవించుకుంది. రెండ్రోజుల తర్వాత మళ్లీ పిలుపు. ఈసారి బాబాయి, అతని కొడుకు, ప్రభువులు, న్యాయమూర్తులు అందరూ ఉన్నారు. అంతమంది మగవాళ్ల మధ్య ఒక్కతీ ఆడది. రాజుకి పట్టరాని కోపం వచ్చింది. అయినా ఆవిడ మాట మారలేదు. ఇక్కడ ఒక సంగతి గమనించండి. రాజుని నమ్మి నిర్ణయం అతని చేతిలో పెట్టొద్దని ముందుగా ఆన్‌ని హెచ్చరించింది ఎవరో కాదు, రాజు భార్య, ఆన్ రాణి!

మార్చిలో రాజుగారి తీర్పు వచ్చింది. ఆస్తి బాబాయికి, అతని మగసంతానానికి. మగసంతానం లేకపోతే మాత్రం ఆన్‌కి. పరిహారంగా వచ్చిన 17 వేల పౌన్లు భర్త జేబులోకి వెళ్లాయి. ఆన్ ఒప్పుకోలేదు, సంతకం పెట్టలేదు. తాను పోతే భార్య బతకడానికని పెళ్లినాడు రాసిన ఆస్తిని కూడా భర్త రద్దు చేశాడు. అయినా సరే!

తర్వాతి రోజులన్నీ నోల్‌లోనే. భర్త లండన్‌లో పందేలు, విందులతో కాలక్షేపం చేస్తుంటే ఆన్ ఆ పెద్ద భవనంలో ఒంటరిగా గడిపింది. పొద్దున్నే తోటలోకి వెళ్లి తిరిగేది. ఎవరిచేతనైనా పుస్తకం చదివించుకుని వినేది. కుట్లు, అల్లికలు, దైవప్రార్థన. పిల్ల తిరిగి తన దగ్గరికి వచ్చాక దాని ముచ్చట్లే లోకం. 1617 మే నెలలో పిల్ల గౌనుకి కట్టిన నడక తాళ్లు కోసేసి, దానంతట దాన్ని నడవనిచ్చిందట. రెండు మూడుసార్లు పడింది గాని దెబ్బ తగల్లేదని రాసుకుంది. రాజుని ఎదిరించిన చేత్తోనే ఈ మాటలూ రాసింది. ఏ తల్లైనా అంతే కదా!

ఓపిక గెలిచింది

ముగ్గురు మగపిల్లలు పుట్టి పుట్టి పోయారు. ఇద్దరు కూతుళ్లు దక్కారు. 1624లో భర్త చనిపోయాడు. అదే ఏడు ఆవిడకి మశూచి సోకి మొహం పాడైపోయింది. 1630లో ఫిలిప్ హెర్బర్ట్ అనే మరో పెద్ద ప్రభువుని పెళ్లాడింది. ఆ కాపురమూ నిలవలేదు. నాలుగైదేళ్లకే వేరుపడ్డారు.

ఇంతలో కాలం తన పని తాను చేసుకుపోయింది. 1641లో బాబాయి పోయాడు. 1643లో బాబాయి కొడుకు హెన్రీ పోయాడు, మగపిల్లలు లేకుండా. ఆస్తి ఆన్‌కి వచ్చింది. 15 ఏళ్లప్పుడు మొదలైన పోరాటం ముగిసేసరికి ఆవిడకి 53. రాజు ఇవ్వని న్యాయం కాలం ఇచ్చింది. అప్పుడు కూడా వెంటనే వెళ్లే వీలు లేదు. రాజుకీ పార్లమెంటుకీ అంతర్యుద్ధం నడుస్తోంది. స్కిప్టన్ కోట ముట్టడిలో ఉంది. లండన్‌లో ఆగిపోయిన ఆవిడ 1646లో ఒక పెద్ద చిత్రం గీయించుకుంది. మూడు పలకల చిత్రమది. మధ్యలో అమ్మానాన్న, పోయిన అన్నలిద్దరు. ఎడమ పక్క 15 ఏళ్ల ఆన్. కుడి పక్క 56 ఏళ్ల ఆన్. ఆస్తి పోయిననాటి పిల్ల ఒకవైపు, దక్కించుకున్న పెద్దావిడ ఒకవైపు! నడుమ పోయిన 40 ఏళ్లు ఎక్కడా కనిపించవు. ఈ చిత్రం ఇప్పుడు కెండల్ పట్టణంలోని అబ్బట్ హాల్‌లో ఉంది.

రాయి మీద రాయి

1649 జులైలో స్కిప్టన్ చేరింది ఆన్. పసికందుగా వదిలిన ఇంట్లో 59వ ఏట అడుగుపెట్టింది. తీరా చూస్తే ఏముంది? మూడేళ్ల ముట్టడి తర్వాత పార్లమెంటు వాళ్లు కోటని చాలా భాగం కూలగొట్టేశారు. ఇంకొకరైతే నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చునేవారు. ఆవిడ మేస్త్రీలను పిలిపించింది.

ఆవిడ కడితే వీళ్లు మళ్లీ పడగొడతారేమోనని లండన్‌లో స్నేహితులు భయపడ్డారు. ఆన్ ఖాతరు చెయ్యలేదు. పైకప్పు మీద ఫిరంగులు పెట్టే బలం ఉండకూడదన్న షరతుతో అనుమతి దొరికింది. అలా స్కిప్టన్ మళ్లీ లేచింది. ఆ తర్వాత ఆపిల్‌బీ, బ్రూమ్, బ్రో, పెండ్రాగన్... ఒక్కో కోటా. పాడుబడిన చర్చీలు కూడా బాగు చేయించింది. కట్టిన ప్రతిచోటా ఎవరు, ఏ ఏడు కట్టించారో రాతిమీద చెక్కించింది. స్కిప్టన్ ముంగిట్లో యూ చెట్టు నాటింది అప్పుడే.

కోటలతోనే ఆగలేదు. ఆపిల్‌బీలో 1651లో 13 మంది పేద వితంతువుల కోసం ఒక ఆశ్రమం కట్టడం మొదలుపెట్టింది. నడుమ ముంగిలి, చుట్టూ చిన్న చిన్న ఇళ్లు. ఒక్కొక్కరికీ ఒక్కో గడప. మరొకరి ఇంట్లో తలదాచుకునే బాధ ఏమిటో తెలిసిన మనిషి కదా! తల్లిని ఆఖరిసారి చూసిన చోట 1656లో ఒక రాతి స్తంభం నిలబెట్టింది. పక్కనే ఒక రాతి బల్ల. ఏటా ఏప్రిల్ 2న ఆ బల్ల దగ్గర ఊళ్లో పేదలకి నాలుగు పౌన్లు పంచాలని శాశ్వత ఏర్పాటు చేసింది. పెన్రిత్ దగ్గర రోడ్డు పక్కన ఆ స్తంభం ఇంకా ఉంది. అమ్మ పేరు మీద అన్నదానం లాంటిదన్నమాట.

అలాగని ఆవిడని దేవతని చెయ్యనక్కర్లేదు. మహా గడుసు మనిషి. కౌలు రైతుల మీద వ్యాజ్యాలు వేసి మరీ శిస్తు వసూలు చేసింది. ఏటా ఇవ్వాల్సిన ఒక్క కోడిపెట్టని ఇవ్వనన్న వ్యాపారి మీద బోలెడంత ఖర్చుపెట్టి కోర్టుకెక్కి గెలిచిందనీ, తర్వాత అతన్నే భోజనానికి పిలిచి ఆ కోడినే వండి పెట్టించిందనీ అక్కడ కథగా చెప్పుకుంటారు. తన పేరు అక్షరాలు చెక్కిన పెద్ద ఇనుప తాళాలు చేయించి తెలిసినవాళ్లకి బహుమతిగా ఇచ్చేది. తలుపులు మూసుకుపోయిన మనిషి తాళాలు పంచిపెట్టడం తమాషాగా లేదూ! ఇంకో సంగతి. ఆడవాళ్లందరి హక్కు కోసం పోరాడుతున్నానని ఆవిడ ఎప్పుడూ అనుకోలేదు. తన వంశం, తన రక్తం, తన ఆస్తి... అంతే. అయినా దారి వేసినవాళ్లు దారి కోసమే నడవాలనేముంది?

ఆఖరి పుటలు

ముసలితనంలో ఒక కోట నుంచి ఇంకో కోటకి పరివారంతో తిరుగుతూ గడిపింది. మనవలు, మునిమనవలు వచ్చిపోతుండేవారు. 1676లో ఆఖరి నెలల్లో కూడా దినచర్య రాయించడం మానలేదు. 60 ఏళ్ల కిందట ఇదే రోజున ఏం జరిగిందో తలుచుకునేది. ఆర్చిబిషప్పు, రాజు, అమ్మ... ఎవర్నీ మరిచిపోలేదు. మార్చి 22న, 86వ ఏట, బ్రూమ్ కోటలో కన్నుమూసింది. తండ్రి పుట్టిన గది, తల్లి పోయిన గది అదే. ఆపిల్‌బీ చర్చిలో తల్లి సమాధికి దగ్గర్లోనే ఆవిడ సమాధి.

స్కిప్టన్ కోట కూతురు మార్గరెట్ సంతతికి వచ్చింది. ఆ రోజు తల్లి ఒడి నుంచి లాగేసిన పసిపిల్ల వంశమే 1956 దాకా దాన్ని ఏలుకుంది. అప్పుడు కొన్న మరో కుటుంబం ఇప్పుడు దాన్ని చూసుకుంటోంది.

మరి నోల్ భవనం? ఆన్‌ని సంతకం కోసం పీడించిన ఆ ఇంట్లోనే 1892లో వీటా శాక్‌విల్-వెస్ట్ పుట్టింది. పెద్దయ్యాక రచయిత్రి అయింది. ఆన్ దినచర్యని 1923లో అచ్చు వేయించింది ఆవిడే. 1928లో తండ్రి పోతే, ఒక్కగానొక్క బిడ్డ అయినా ఆడపిల్ల కాబట్టి నోల్ ఆవిడకి రాలేదు. బాబాయికి వెళ్లింది! 300 ఏళ్లయినా కథ మారలేదు చూడండి. వీటా 1930లో సిసింగ్‌హర్స్ట్ అనే పాడుబడ్డ కోటని కొనుక్కుని, భర్తతో కలిసి చుట్టూ తోటలు వేసుకుంది. తెల్లపూల తోటతో సహా అవి ఇవాళ లోకప్రసిద్ధం.

మన ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో పాటు కూతురికీ సమాన వాటా ఇచ్చే సవరణ 1985 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చింది. దేశమంతటికీ 2005లో వచ్చింది. చట్టం వచ్చినంతమాత్రాన వాటా చేతికి రాదని మనకి తెలుసు. పండక్కి పిలిచి, చీర పెట్టి, కాగితం మీద సంతకం చెయ్యమ్మా అనే ఇళ్లు ఎన్ని లేవు! అన్నదమ్ములతో మాట పోతుందని, పుట్టింటికి రాకపోకలు ఉండవని చేసేవాళ్లు చేస్తూనే ఉన్నారు. ఇచ్చెయ్యాలా వద్దా అన్నది ఎవరి ఇష్టం వాళ్లది. అయితే ఆ కాగితంలో ఏం రాసి ఉందో చదువుకోవడం, అమ్మ మార్గరెట్‌లా పాత దస్తావేజులు ఒకసారి తీసి చూసుకోవడం, ఆలోచించుకోవడానికి నాలుగు రోజులు గడువు అడగడం... ఇవి ఏ ఆడపిల్లైనా చెయ్యదగ్గ పనులే. వాటికి కోటలు ఉండక్కర్లేదు.